సముద్రమట్టమునకు దిగువన సైకిలుపై ఒకనాడు

ఉత్తర సముద్రపు ఒడ్డున నున్న నెదర్లాండ్స్ దేశమును మనవారు హాలండు అని పిలుచుట వాడుక. అక్కడి జనాభా సుమారు 1 కోటి 80 లక్షలు. సైకిళ్లు 2 కోట్లకు పైగా గలవు. బడికి పోవు పిల్లలు, ఆఫీసులకు పోవు ఉద్యోగులు, సంతకు పోవు వృద్ధులు అందరును సైకిలు తొక్కుదురు. రైలులో పోవువారికి ఆ దేశమున పచ్చికయు, ఆవులును మాత్రమే కనిపించును. సైకిలుపై గట్టు వెంట పోవువారికి మరియొక సంగతి తెలియును. ఒక ప్రక్క కాలువలో నీరు, రెండవ ప్రక్క అంతకంటె ఎంతో పల్లమున పొలము, పొలములో మేయుచున్న ఆవు! ఆ నేలను కాపాడుకొన్న విధానము తెలిసిననే అక్కడి పాలు, చీజు విలువ బోధపడును.

దారి, గాలి

ఇందుకు ఉత్తర హాలండులోని ఆల్క్‌మార్ పట్టణమునుండి బయలుదేరి, డె రైప్, బేమ్‌స్టర్, ఈడమ్‌ల మీదుగా పుర్‌మరెండ్ చేరుట మంచి దారి. మొత్తము సుమారు 40 కిలోమీటర్లు. కొండలు లేవు గాని ఎదురుగాలి కొండకు తీసిపోదు. అక్కడ గాలి ఎక్కువగా పడమటి దిక్కునుండి వీచును గనుక, తూర్పుగా సాగు ఈ దారిలో చాలవరకు వీపున గాలి దొరకును. మోటార్లు రాని ప్రత్యేకపు బాటలు గలవు. బాటలు కలియుచోట్ల అంకెలు వ్రాసిన పలకలు పాతియుందురు. పోవలసిన అంకెలను వరుసగా కాగితముపై వ్రాసికొన్నచో, భాష రానివారును దారి తప్పరు. మన దేశమువలె గాక కుడిచేతి వైపున పోవలెనని మాత్రము మరువరాదు.

ఆల్క్‌మార్ చీజు సంత

వసంతమునుండి సెప్టెంబరు చివర వరకు శుక్రవారము ఉదయము ఆల్క్‌మార్‌లో చీజు సంత జరుగును. చీజు మోయువారి సంఘము 1593 నాటికే కలదు. వారు నాలుగు జట్లుగా ఏర్పడి, ఎరుపు, నీలము, ఆకుపచ్చ, పసుపు రంగుల టోపీలు ధరింతురు. పడవవంటి చెక్క మోతపై చీజు బిళ్లలు పేర్చి, ఇద్దరు భుజములకు పట్టీలు తగిలించుకొని తూకపు ఇంటికి మోయుదురు. బేరగాండ్రు ఒకరి అరచేతిని ఒకరు చరచుచు ధర చెప్పుకొందురు. అసలు వ్యాపారము నేడు వేరుచోట్ల జరుగుచున్నది; ఇచ్చట జరుగునది పూర్వపు ఆచారపు ప్రదర్శనమే. అయినను తూకము, నాణ్యము నలుగురి ఎదుట తేల్చు పద్ధతిని చూచుట రైతుకు లాభకరమే.

చీజు మన జున్ను వంటిది కాదు. పాలను గోరువెచ్చగా చేసి, తోడుతోపాటు రెన్నెట్ అను పదార్థమును చేర్చి గడ్డకట్టింతురు. గడ్డను ముక్కలుగా కోసి, నీరు తీసి, అచ్చులలో నొక్కి, ఉప్పునీటిలో నానవేసి, చెక్క బల్లలపై మాగవేయుదురు. ఒక కిలో చీజుకు సుమారు 10 లీటర్ల పాలు కావలెను. నాలుగు వారములు మాగినది మెత్తగా, కమ్మగా నుండును. పది నెలలు దాటినది గట్టిపడి ఘాటెక్కును. రెండింటిని ప్రక్కప్రక్కన రుచి చూచిన గాని భేదము తెలియదు. కొన్ని రెన్నెట్‌లను దూడల కడుపునుండి తీయుదురు గనుక శాకాహారులు ముందుగా అడిగి తెలిసికొనవలెను.

మరలు తోడిన సరస్సు

ఆల్క్‌మార్ దాటినంతనే స్కెర్మర్ పల్లపు భూములు వచ్చును. ఇది 52 గాలిమరలతో తోడగా 1635లో ఎండిన సరస్సు. ఒక్కొక్క మర నీటిని నాలుగైదడుగుల కంటె ఎక్కువ ఎత్తలేదు. అందుచే మెట్లవలె వరుసగా మరలు నిలిపి, ఒకటి ఎత్తిన నీటిని మరియొకటి పైకెత్తునట్లు చేసిరి. మిగిలిన మరలలో ఒకదానిని స్కెర్మర్‌హోర్న్ వద్ద లోపలికి పోయి చూడవచ్చును.

తరువాతి ఊరు డె రైప్. బేమ్‌స్టర్ సరస్సును ఎండించుటకు గాలిమరలు కట్టినవారిలో ముఖ్యుడైన లేఖ్‌వాటర్ ఈ ఊరివాడే. ఆ పని 1607లో ఆరంభమైనది. 1610లో తుఫానుకు సముద్రపు గట్టు తెగి, సగము ఎండిన సరస్సు మరల నిండిపోయెను. గట్టును మరింత ఎత్తుచేసి, తిరిగి తోడి, 1612లో పూర్తిచేసిరి. సుమారు 17,500 ఎకరముల నేల తేలినది. ఇది సముద్రమట్టమునకు సుమారు 11 అడుగుల దిగువన నున్నది. గీత గీసినట్లున్న దాని రోడ్లు, కాలువల ఏర్పాటును యునెస్కో 1999లో ప్రపంచ వారసత్వముగా గుర్తించినది.

గట్టుపై కూర్చుండి భోజనము

మధ్యాహ్నమునకు అక్కడివారు పెద్ద వంట చేయరు. రొట్టె, చీజు, ఒక గ్లాసు కార్నెమెల్క్ చాలును. కార్నెమెల్క్ అనగా మజ్జిగయే. చిక్కగా, పుల్లగా నుండును. మనవలె అల్లము, కరివేపాకు వేయరు. ఎండలో తొక్కి వచ్చిన తెలుగువానికి ఇంతకంటె పరిచయమైన రుచి ఆ దేశమున దొరకదు. మరికొంత ఆకలియున్నచో పళ్లెమంత గోధుమ అట్టు, అందులో ఆపిలు ముక్కలు, పైన పాకము తినవచ్చును. కొన్ని రైతుల వాకిళ్లలో గ్రుడ్లు, బంగాళాదుంపలు బల్లపై పెట్టి, ప్రక్కన డబ్బుల పెట్టె ఉంచుదురు. అమ్మువాడుండడు, కొన్నవారే లెక్క చూచి సొమ్ము వేసి పోవుదురు.

బేమ్‌స్టర్ చీజు రైతుల సహకార సంఘము తయారుచేయునదే. ఆ సంఘము 1901నుండి నడచుచున్నది. పాలు పోసినవారే కర్మాగారమునకు యజమానులు. పాలను చీజుగా మార్చినందువలన వచ్చు లాభము వారికే చెందును.

గట్టు ఎవరిది?

పూర్వము ఆ దేశములోని గట్టు ప్రాంతములందు ఒక కట్టుబాటు ఉండెడిది. తన వంతు గట్టును బాగుచేయలేని రైతు పారను గట్టులో గ్రుచ్చి భూమిని విడిచిపోవలెను. ఆ పారను పెరికినవానికి భూమియు, గట్టు బాధ్యతయు రెండును సంక్రమించును. నేడు ఎన్నికైన నీటి బోర్డులు పన్ను వసూలుచేసి గట్లను, పంపులను చూచుచున్నవి.

అయినను చిక్కు తీరలేదు. బేమ్‌స్టర్ అడుగు బంకమట్టి గనుక గట్టిగా నిలిచినది. చుట్టునున్న తేలికమట్టి పచ్చిక భూములలో నీరు తీసిన కొలది ఆకులలములు కుళ్లి ఏర్పడిన ఆ మట్టి ఎండి, చివికి, నేల యేటేట క్రుంగుచున్నది. నీటిమట్టము పెంచిన నేల నిలుచును గాని పశువుల కాళ్లు దిగబడును, మేత తగ్గును. పశువుల ఎరువునుండి వెలువడు నత్రజనిని తగ్గించవలెనని ప్రభుత్వము పూనుకొనగా, 2019లో రైతులు ట్రాక్టర్లతో ప్రభుత్వపు కేంద్రమైన హేగ్ నగరపు రోడ్లెక్కిరి. నాలుగు వందల యేండ్లుగా నేలను నిలిపినవారికి ఆ నేలపై ఎన్ని ఆవులను మేపవచ్చునను ప్రశ్న ఎదురైనది.

సాయంకాలము ఈడమ్‌లో ఎర్ర మైనపు తొడుగుగల గుండ్రని చీజును చూచి, అచ్చటినుండి పుర్‌మరెండ్ స్టేషను చేరి, రద్దీ లేని వేళ సైకిలుకు వేరు టిక్కెట్టు కొని రైలెక్కవచ్చును.

కృష్ణా, గోదావరి డెల్టా రైతులకు ఈ ప్రయాణమునుండి గ్రహించదగిన దొకటి కలదు. గుర్రపుడెక్క అల్లుకొన్న మురుగుకాలువ ఏ ఒక్కని పొలమును విడిచిపెట్టదు. ఎగువ రైతు తన హద్దువరకు తీసి ఊరకున్న నీరు పోదు. వానలకు ముందే ఊరివారందరు కూర్చుండి, ఎవరి వంతు ఎంతయో నిర్ణయించుకొని, చివరి చేను వరకు కాలువ తీయించుట మేలు.