విండ్సర్‌లో వేళ్లూనుకున్న పుట్టింటి ముచ్చట

క్రిస్మస్ సెలవులకు ముందు మా బడిలో చెట్టు అలంకరిస్తుంటే ఒక పాప అడిగింది: ‘టీచర్, ఇది ఇంగ్లీషువాళ్లదేనా?’ కాదు. వాళ్లకూ అది బయటి నుంచి వచ్చిందే.

జర్మనీలోని మెక్లెన్‌బర్గ్-స్ట్రెలిట్జ్ అనే చిన్న సంస్థానపు ఆడపడుచు షార్లెట్. 1761లో, 17 ఏళ్ల వయసులో మూడో జార్జి రాజును పెళ్లాడి ఇంగ్లండు వచ్చారు. క్రిస్మస్‌కు యూ చెట్టు కొమ్మను అలంకరించడం ఆమె పుట్టింటి ఆనవాయితీ. అత్తింట్లోనూ ఆమె దాన్ని వదల్లేదు.

1800 డిసెంబరులో విండ్సర్‌లోని క్వీన్స్ లాడ్జ్‌కు ఊరి పెద్ద కుటుంబాల పిల్లలను పిలిచారు. గదిలో తొట్టిలో నిలిపిన యూ చెట్టు. కొమ్మలకు కాగితాల్లో చుట్టిన మిఠాయిలు, బాదం, ఎండుద్రాక్ష, పండ్లు, బొమ్మలు. వాటి మధ్య చిన్న చిన్న కొవ్వొత్తులు. పిల్లలు చుట్టూ తిరిగి చూశాక, తలా ఇంత తీపి, ఒక బొమ్మ చేతిలో పెట్టి పంపారు.

ఆమె మనవరాలు విక్టోరియా 1832లో, 13 ఏళ్ల వయసులో, కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో చూసిన దీపాల చెట్ల గురించి డైరీలో రాసుకున్నారు. తర్వాత ఆమె భర్త ఆల్బర్ట్ కూడా జర్మనీ నుంచే వచ్చారు. విండ్సర్ కోటలో ఈ కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మను 1848లో ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ అచ్చువేసింది. ఆ తర్వాత ఆ ముచ్చట మామూలు ఇళ్లకూ పాకింది. నేటికీ విండ్సర్ కోట సెయింట్ జార్జ్ హాలులో క్రిస్మస్‌కు పెద్ద చెట్టు నిలబెడతారు. దాన్ని పరాయిదని ఇప్పుడెవరూ అనరు.

మన సంగతి చూద్దాం. తెలుగునేలకు దూరంగా తరాలుగా ఉంటున్నా మన ఇళ్లలో భోగిపళ్లు పోస్తూనే ఉన్నాం. కానీ ఆ మాట పక్క మీడియం పిల్లలకు చెప్పడానికి మా విద్యార్థులు కొందరు సిగ్గుపడుతున్నారు. నవ్వుతారేమోనని భయం.

ఆమె రాణి కాబట్టి చెల్లింది అంటారేమో. నిజమే, మనకు కోటల్లేవు. కానీ ఆమె చేసిన మొదటి పని మనమూ చేయగలం: ఇరుగుపొరుగు పిల్లలను పిలవడం. ఈసారి భోగికి మన పసివాళ్ల పక్కన వాళ్లనూ పీటల మీద కూర్చోబెడదాం. రేగుపళ్లు, చెరుకుముక్కలు, చిల్లర డబ్బులు అందరి తలల మీదా పోద్దాం. మరాఠీ తల్లులైతే వెంటనే గుర్తుపడతారు. సంక్రాంతికి పసిపిల్లల మీద రేగుపళ్లు పోసే ‘బోర్‌నహాణ్’ వాళ్లకూ ఉంది.

పిలిచి చూస్తేనే కదా, ఏది మనది, ఏది అందరిదో తెలిసేది!