రొదను తూచే తూకంరాయి

"రేడియోలో స్టేషను లేనిచోట బుస్సుమని వచ్చే శబ్దాన్ని కొలవగలమా? కొలిచి ఏం చేసుకుంటాం?" అని ఖమ్మం నుంచి ఒక ఇంటర్ విద్యార్థి రాశాడు. రెండో ప్రశ్న చివర్లో చూద్దాం. మొదటిది మాత్రం నన్ను వారం రోజులుగా వదలడం లేదు.

ముందు ఆ రొద సంగతి రెండు ముక్కల్లో. వేడి ఉన్నంతకాలం రెసిస్టరులోని ఎలక్ట్రాన్లు కుదురుగా ఉండవు. ఆ కలవరానికి రెసిస్టరు రెండు కొసల మధ్య చిన్న వోల్టేజి లేస్తూ పడుతూ ఉంటుంది. బ్యాటరీ అక్కర్లేదు. బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ దీన్ని కొలిచాడు, నైక్విస్ట్ లెక్క కట్టి చూపాడు. ఇద్దరి పత్రాలూ 1928లోనే వచ్చాయి. గదిలో ఊరికే పడున్న ఒక కిలో ఓమ్ రెసిస్టరు, 20 కిలోహెర్ట్జ్ బ్యాండులో చూస్తే, సుమారు అర మైక్రోవోల్టు పుట్టిస్తుంది. రొద పవరు ఉష్ణోగ్రతను బట్టే పెరుగుతుంది కనుక ఇంజినీర్లు దాన్ని కెల్విన్లలోనే చెప్పుకుంటారు. యాంటెన్నా ఆకాశం వైపు తిప్పితే, అక్కడి నుంచి వచ్చే రొదకు కూడా కెల్విన్లే కొలత.

ఇక నాకు ఇష్టమైన చోటికి వద్దాం. పాట వినాలనుకునేవాళ్ళు బ్యాండును ఇరుకు చేసుకుంటారు. ఎంత వెడల్పుగా తెరిస్తే అంత రొద లోపలికి వస్తుంది మరి. కానీ మనకు కావలసింది రొదే అయినప్పుడు వెడల్పే మేలు! రొద ఎంతో తేల్చడమంటే పాచికలు వేసి సగటు తీయడం లాంటిది. బ్యాండు 10 మెగాహెర్ట్జ్ ఉంటే సెకనుకు సుమారు కోటి పాచికలు పడతాయి, పది సెకన్లలో పది కోట్లు. సగటులో మిగిలే ఊగిసలాట పాచికల సంఖ్య వర్గమూలం చొప్పున తగ్గుతుంది, అంటే పదివేలలో ఒక వంతు. మొత్తం రొద 50 కెల్విన్లయితే 0.005 కెల్విన్ తేడా కూడా దొరకాలి.

కాగితం మీద దొరుకుతుంది. బల్ల మీద దొరకదు. ఆంప్లిఫయరు వేడెక్కుతుంది, కరెంటు కొంచెం అటూ ఇటూ అవుతుంది, గెయిన్, అంటే ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ లెక్క, ఒక్క శాతం జారుతుంది. 50లో ఒక శాతం అర కెల్విన్. మనం వెతుకుతున్న దానికి నూరు రెట్లు! జారింది ఆంప్లిఫయరో, వెచ్చబడింది ఆకాశమో చెప్పే దారి లేదు.

ఆ దారి చూపినవాడు రాబర్ట్ డికీ. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎంఐటీ రాడార్ ప్రయోగశాలలో పనిచేసిన ఆయన 1946లో తన పద్ధతి ప్రచురించాడు. స్ప్రింగు సాగిపోతున్న కాటా ఒకటే ఉందనుకోండి. వంకాయలు తూచి, వెంటనే తూకంరాయి పెట్టి, మళ్ళీ వంకాయలు, మళ్ళీ రాయి. స్ప్రింగు సాగేలోపే ఇలా మార్చి మార్చి తూస్తే, రెండింటి తేడా నమ్మదగినదే. డికీ సెకనుకు ముప్ఫైసార్లు ఇలా మార్చాడు. ఆయన తూకంరాయి ఒక తిరిగే బిళ్ళ. అది యాంటెన్నా నుంచి రొదను మోసుకొచ్చే గొట్టంలోకి, అంటే వేవ్‌గైడ్‌లోకి, దిగినప్పుడు ఆంప్లిఫయరుకు దాని వేడిమి కనిపిస్తుంది, తప్పుకోగానే యాంటెన్నా. బయటికొచ్చిన దాంట్లో అదే లయలో ఊగేది మాత్రమే ఏరుకున్నాడు. సగం సమయం రాయికే పోతుంది, సున్నితత్వం సగానికి పడిపోతుంది. అయినా లాభమే.

ఒక్క మెలిక ఉంది. రాయి సరుకుకు దగ్గర బరువుండాలి. బిళ్ళ గది వేడిమిలో 300 కెల్విన్లు, ఆకాశం పది అనుకుంటే తేడా 290. గెయిన్ ఒక శాతం జారితే మూడు కెల్విన్లు తప్పుతాం. అందుకే బెల్ ల్యాబ్స్‌వారి హోమ్‌డెల్ కేంద్రంలో ఆకాశపు రొద కొలిచిన పెంజియాస్, విల్సన్ ద్రవ హీలియంలో మునిగిన చల్లని రాయిని వాడారు. నన్నడిగితే వాళ్ళ గెలుపులో సగం ఆ హీలియం పాత్రదే.

అదే హోమ్‌డెల్‌లో వాళ్ళకన్నా ముందు, 1961లో, ఓమ్ అనే ఇంజినీరు 18.9 కెల్విన్ల రొద రావాలని లెక్కవేసి 22.2 కొలిచాడు. 3.3 ఎక్కువ! లెక్కలోనూ కొలతలోనూ రెండు మూడు కెల్విన్ల తప్పుకు చోటుండడంతో ఆ ఎక్కువ అందులోనే కలిసిపోయింది. డికీ బృందం 1946లోనే ఆకాశపు రొద 20 కెల్విన్ల లోపేనని తేల్చింది. తర్వాత ఆ కొలతను ఆయనే మరిచిపోయాడు. పెంజియాస్, విల్సన్ మాత్రం వదల్లేదు. 4080 మెగాహెర్ట్జ్ వద్ద మొత్తం 6.7 కెల్విన్లు వస్తే గాలికి 2.3, యాంటెన్నాకు 0.9 తీసేశారు, యాంటెన్నాలో చేరిన పావురాల రెట్ట కడిగారు. ఇంకా సుమారు 3.5 మిగిలింది. అది విశ్వం తొలినాళ్ళ వేడి చల్లారగా మిగిలినది. 1978లో నోబెల్ వచ్చింది.

ఇక "ఏం చేసుకుంటాం?" అన్న ప్రశ్న. ఉపయోగం ముందే చూపిస్తేనే కొలుస్తామంటే ఇవేవీ కొలిచేవాళ్ళం కాదు. అయినా అడిగావు కాబట్టి చెబుతాను. 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుంచి వెళ్ళిన మేఘా-ట్రాపిక్స్ ఉపగ్రహంలో రొదను బట్టే గాలి తేమను కొలిచే సఫీర్ అనే పరికరం ఉండేది. అది తిరుగుతూ భూమిని, తనలోని వెచ్చని దిమ్మను, ఖాళీ ఆకాశాన్ని వరసగా చూసేది. చల్లని వైపు దాని తూకంరాయి ఆ ఖాళీ ఆకాశమే, తర్వాతి కొలతలు 2.7 కెల్విన్లుగా తేల్చిన ఆ మిగిలిన వేడే.