పాత జావా బండిని బాగుచేయుట

చెకోస్లొవేకియా దేశపు జావా మోటారు సైకిలు 1961 నుండి మైసూరులో తయారయ్యెను. ఆ కర్మాగారము 1996లో మూతపడినను, పాత బండ్లను బాగుచేయించి నడుపువారు కన్నడ దేశమున నేటికిని కలరు.

పెక్కుమంది మొదట రంగు వేయింతురు. ఇది బీటలు వారిన గోడకు సున్నము కొట్టుట వంటిది. జావాది రెండు స్ట్రోకుల ఇంజను. పెట్రోలులో కలిపిన నూనెయే పిస్టనును, బేరింగులను తడుపును. ఆ నూనె కాలి మసియై పొగ రంధ్రములందును, జంట సైలెన్సరులందును పేరుకొనును. దానిని గీకివేయనిదే బండికి బలము రాదు.

అంతకంటె ముఖ్యమైనవి క్రాంకు ఇరుసునకు ఇరువైపుల నుండు సీళ్లు. పిస్టను దిగునపుడు క్రింది గదిలోని పెట్రోలు, గాలుల మిశ్రమము ఒత్తిడికి లోనై పైకి పోవలెను. ఏండ్ల తరబడి కదలని బండిలో సీళ్లు ఎండి గట్టిపడును. వాని సందులనుండి గాలి చొరబడును. ఎంత తన్నినను బండి స్టార్టు కాదు. సీలు వెల స్వల్పమే గాని, మార్చుటకు ఇంజను యావత్తు విప్పవలెను. అందుచేతనే కాబోలు, కొందరు మెకానిక్కులు దాని జోలికి పోక కార్బురేటరును నిందింతురు!

బాగుపడిన బండి నెక్కిన సుఖము వేరు. తన్ని లేపు కడ్డీయే గేరు కడ్డీయు నగును. దానిని నొక్కినంతనే క్లచ్చు తనంతట విడివడును. చాముండి కొండ మలుపులలో చిన్న గేరున ఎక్కుచుండగా ఆ ధ్వని వినవలసినదే. దిగునపుడు మాత్రము యాక్సిలరేటరును అదేపనిగా మూసియుంచరాదు. పెట్రోలుతో పాటు నూనెయు తగ్గి పిస్టను పట్టివేయును. నడుమ నడుమ కొంచెము త్రిప్పుచుండవలెను.