ధ్రువమండలమున విత్తనపు పాతర

పంట యింటికి వచ్చిన పిదప ఇల్లాలు మొట్టమొదట చేయు పని విత్తనమును వేఱుపఱచుట. నిండుగింజల కంకులను ఏరి, ఎండబెట్టి, నూర్చి, బూడిదయో వేపాకో కలిపి కుండలో బోసి, మూతపెట్టి, మట్టితో మెత్తి దాచును. ఇంట తిండికి కఱవు వచ్చినను ఆ కుండపై చేయి వేయరాదని పెద్దలు కట్టడి చేసిరి. తిండిగింజ యీ యేటికి మాత్రమే; విత్తనపుగింజ రానున్న యేండ్లన్నిటికిని. ఈ గృహధర్మమునే నేడు ప్రపంచదేశములు పెక్కు కలిసి భూగోళపు ఉత్తరపు కొసను ఆచరించుచున్నవి. ఆ వృత్తాంతమును, దానికి ముంచుకొని వచ్చుచున్న యాపదను సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

నార్వే దేశమునకును ఉత్తరధ్రువమునకును నడుమ స్వాల్‌బార్డ్ అను దీవుల గుంపు కలదు. బడిపిల్లల భూగోళపటములో ఈ దీవులు పైయంచున నుండుటచే తఱచు కఱ్ఱచట్రము క్రింద మఱుగుపడి యుండును. మేరువునందు దేవతలకు ఆఱునెలలు పగలు, ఆఱునెలలు రాత్రి యని సూర్యసిద్ధాంతము చెప్పినది గదా. స్వాల్‌బార్డ్ ధ్రువమునకు కొంత యీవల నుండుటచే అచ్చట వేసవిలో సుమారు నాలుగు నెలలు సూర్యుడు అస్తమింపడు. చలికాలమున దాదాపు అంతకాలము ఉదయింపడు. పైరు లేదు, నీడనిచ్చు చెట్టు లేదు. లాంగియర్‌బ్యెన్ అను ముఖ్యగ్రామమున రెండువేల పైచిలుకు జనులు నివసింతురు. ఊరు దాటినచో తెల్ల యెలుగుబంట్ల భయము.

పైరు పండని చోట విత్తనము దాచుట యేల యని చదువరులు అడుగవచ్చును. అందుకు రెండు కారణములు: ఒకటి చలి, రెండవది నమ్మకము.

నమ్మకపు కథ ముందు చెప్పెదము. పూర్వము ఈ దీవులకు ప్రభువు లేడు. తిమింగలముల వేటకును, బొగ్గునకును పలుదేశములవారు వచ్చి పోవుచుండిరి. మొదటి మహాయుద్ధము ముగిసిన పిదప 1920వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన పారిస్ నగరమున నొక సంధి జరిగెను. దాని ప్రకారము ఏలుబడి నార్వేది. కాని సంధిలో చేరిన దేశముల ప్రజలందఱికిని అచ్చట వేటాడుటకు, చేపలు పట్టుటకు, గనులు త్రవ్వుటకు సమానమైన హక్కు. యుద్ధమునకై కోటలు కట్టరాదు. చెఱువునకు నీరటికాడు ఒక్కడే యైనను నీరు ఊరందఱిది యైనట్లు ఈ యేర్పాటు. అప్పుడు ఆంగ్లేయుల పాలనలో నున్న భారతదేశము కూడ ఆ సంధిలో చేరియున్నది. నేడు నలువదికి మించిన దేశములు అందున్నవి.

ఇక చలి. ఆ దీవుల కొండలు లోలోపల ఏడాది పొడుగున గడ్డకట్టియే యుండును. లాంగియర్‌బ్యెన్ చెంత నట్టి కొండనొకదానిని నార్వే ప్రభుత్వము తొలిపించి, నూఱు మీటర్లకు పైగా లోపల మూడు గదులు కట్టించి, 2008వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీన విత్తనపు పాతరగా తెఱపించెను. గదులలోని చలిని యంత్రములచే సున్నకు దిగువ 18 డిగ్రీలకు దించుదురు. యంత్రము ఆగినను కొండ తన చలితో గింజలను చాలకాలము కాపాడవలెనని తలంపు. 45 లక్షల నమూనాలకు చోటుండగా, ఇప్పటికి 13 లక్షలకు మించి చేరినవి. దాచుటకు రుసుము లేదు. పెట్టెను పంపినవారే తప్ప అన్యులు దానిని విప్పరాదు. పొరుగింట ఇల్లడ పెట్టిన నగల మూటకు ఆ యింటివారు కావలివారే గాని యజమానులు కారు గదా. నార్వే స్థితియు నట్టిదే. ఉత్తర కొరియా పెట్టెలును, దక్షిణ కొరియా పెట్టెలును అదే పాతరలో నున్నవి. ఒకరి మొగము నొకరు చూడని వారు సైతము విత్తనముల విషయమున నొకే తాళమును నమ్మిరి.

ఆ పెట్టెలలో మనవియు నున్నవి. తెలంగాణమున పటాన్‌చెరువునందు 1972లో నెలకొన్న ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనాలయము జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ మొదలగువాని నమూనాలను లక్షకు పైగా అచ్చట దాచినది. మన రొట్టెకును పప్పునకును మూలమైన గింజలు మంచుకొండలో నిద్రించుచున్నవని తలచిన, ఆ దూరదేశము మనకు పరాయిది కాదని తోచును.

ఇంత జాగ్రత్త యవసరమా యందురేమో. 1941 మొదలు 1944 వఱకు జర్మను సేనలు రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరమును ముట్టడించి యుండగా, వవిలోవ్ పండితుడు పెంచిన విత్తనశాలలో కొందఱు శాస్త్రజ్ఞులు ప్రక్కనే ధాన్యపు మూటలుండగా వానిని ముట్టక ఆకలిచే ప్రాణములు విడిచిరి. మఱి, మన కాలమున సిరియా దేశమున అంతర్యుద్ధము చెలరేగినప్పుడు అలెప్పో నగరము చెంతనున్న ఇకార్డా అను సంస్థవారు తమ విత్తనశాలను విడిచి పోవలసివచ్చెను. గోధుమ, యవలు, చిఱుసెనగ మొదలగు వాని నమూనాలను వారు ముందే స్వాల్‌బార్డున దాచియుండిరి. 2015లో ఆ పెట్టెలను కొన్నిటిని తెప్పించుకొని, లెబనాను, మొరాకో దేశములలో విత్తి పంట తీసి, 2017 నుండి తిరిగి పాతరకు చేర్చుచు వచ్చిరి. పాతర తెఱచిన పిదప విత్తనము వెనుకకు తెచ్చుకొనుట అదియే మొదలు.

ఆపద యెక్కడనగా, మనుష్యులు మాట నిలుపుకొనుచుండగా చలి మాట తప్పుచున్నది. 2016వ సంవత్సరము అక్టోబరులో మంచు కురియవలసిన వేళ అచ్చట వాన కురిసెను. నీరు పాతర సొరంగపు మొగమున చొచ్చి గడ్డకట్టెను. గదుల వఱకు పోకుండుటచే విత్తనములకు హాని కలుగలేదు. తరువాత నార్వేవారు నీరు చొరని క్రొత్త సొరంగము కట్టి 2019 నాటికి ముగించిరి. అంతకు ముందు 2015 డిసెంబరున లాంగియర్‌బ్యెన్‌లో కొండమీది మంచు విఱిగి యిండ్లపై బడగా ఇద్దఱు మరణించిరి.

ఈ వేడి ఎచ్చటిది? బొగ్గు, నూనె, ఆవిరివాయువులను లోకమంతయు కాల్చుటచే ఆకాశమున చేరిన పొగవాయువులు భూమికి కప్పిన కంబళి వలె వేడిని వదలవు. ధ్రువమండలమున నిది మఱింత తీవ్రము. తెల్లని మంచు తెల్లచీరవలె ఎండను త్రోసివేయును. మంచు కరగగా బయటపడు నల్లని సముద్రము నల్లకోకవలె ఎండను త్రాగును. వేడి పెరిగిన కొలది మఱికొంత మంచు కరగును. 1979 సెప్టెంబరున ఉత్తరసముద్రముపై సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు నిలిచియుండగా, 2012 సెప్టెంబరున 34 లక్షలు మాత్రమే మిగిలెను. ఆ 1979 మొదలు ధ్రువమండలము తక్కిన భూమికంటె దాదాపు నాలుగింతలు వేగముగా వేడెక్కినదని 2022లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి.

మంచు తొలగిన చోట ఆశలు మొలచుట సహజము. ఓడలకు క్రొత్తదారులు, గనులు, నూనె, చేపలు. ఇచ్చట దేశములు రెండు విధములుగా నడచినవి. రెంటినిని చెప్పుట న్యాయము.

మంచి నడవడి యొకటి: ధ్రువసముద్రపు నడిభాగమున, ఏ దేశమునకును చెందని 28 లక్షల చదరపు కిలోమీటర్ల నీటిలో, అచ్చటి జీవముల సంగతి తెలిసికొనువఱకు వ్యాపారమునకై చేపలు పట్టరాదని రష్యా, అమెరికా, చైనా, జపాను, కెనడా, నార్వే మొదలుగా పదిపక్షములవారు 2018 అక్టోబరు 3వ తేదీన గ్రీన్‌లాండులో ఒప్పుకొనిరి. అది 2021లో అమలునకు వచ్చి, తొలుత 16 సంవత్సరముల గడువు గలది. వల వేయకమునుపే కట్టడి చేసికొనుట లోకమున నరుదు. స్వాల్‌బార్డునందే న్యూ ఆలెసుండ్ అను పల్లెలో పలుదేశముల పరిశోధనశాలలు ప్రక్కప్రక్కనే యున్నవి. 2008లో తెఱచిన మన హిమాద్రియు వానిలో నొకటి. ధ్రువపు మంచు తరుగుటకును మన నైరృతి వర్షములకును గల సంబంధమును మనవారు పరిశీలించుచున్నారు.

రెండవ నడవడి దుఃఖకరము. ఎనిమిది ఉత్తరదేశములును, ఆ మంచునేలలలో తరతరములుగా వసించు జాతుల సంఘములాఱును కూర్చుండి మాటలాడుటకై 1996లో ఒట్టావా నగరమున ఆర్కిటిక్ సభ యేర్పడెను. 2013 నుండి మనదేశమునకును అందు పరిశీలకస్థానము కలదు. 2022లో రష్యా యుక్రెయినుపై దండెత్తగా తక్కిన ఏడు దేశములు తమ రాకపోకలు నిలిపినవి. దండయాత్ర అన్యాయమే. కాని ఉత్తరతీరమున సగమునకు దగ్గరగా రష్యాది. ఆ నేలలో మంచు ఎట్లు కరగుచున్నదో అడుగక తక్కినవారి లెక్క పూర్తికాదు. పండితుల సమావేశములు పిదప కొంత కొంతగా మొదలైనను, మునుపటి చనువు కుదురలేదు.

మా మనవి యొక్కటే. అన్నదమ్ములు పోరి పొయ్యిలు వేఱు చేసికొన్నను, పొలము ఒకటి యైనంత కాలము విత్తనపు కుండను పగులగొట్టరు. ఎవరి పక్షమున న్యాయమున్నదో తేల్చు చోట్లు వేఱు. మంచును కొలుచుట, చేపను కాచుట, గింజను దాచుట అనునవి తగవులోనికి లాగదగినవి కావు. ఈ సంగతి రాజ్యములు నడుపువారికి విశదమగు వఱకు మనము ఇంట పిల్లలకు చెప్పుచుండవలయును. కాల్చెడు బొగ్గులో, నూనెలో, దీపములో మన వంతు ఎంతయో ఆలోచించి తగ్గించుట కూడ ఆ కుండకు మన్ను మెత్తుటయే.