ఇంగ్లీషులో ఒక్క ‘పుట్ ఆన్’, తెలుగులో ఎన్ని మాటలో!

మన బడి పిల్లలు తరచుగా అనే మాటలు ఇవి: “చొక్కా పెట్టాను”, “చీర పెట్టుకుంది”, “నూనె పెట్టుకో”. వినగానే మనకు నవ్వొస్తుంది. కానీ ఇందులో పిల్లల అశ్రద్ధేమీ లేదు. వాళ్ళ మనసులో ఉన్నది ‘పుట్ ఆన్’. ‘పుట్’ అంటే పెట్టడం అని మనమే నేర్పాం. దాన్నే వాళ్ళు అన్నిచోట్లా వాడుతున్నారు.

ఇంగ్లీషులో ఒంటి మీదకి ఏది వచ్చినా ‘పుట్ ఆన్’ అంటే సరిపోతుంది. తెలుగు అలా కాదు. ఆ వస్తువు ఒంటి మీదకి ఎలా వస్తుందో చూసి క్రియను ఎంచుకుంటుంది.

• చుట్టి ముడివేసేవి కట్టుకుంటాం: చీర, పంచె, లుంగీ.
• చెయ్యో కాలో దూర్చేవి తొడుక్కుంటాం, లేదా వేసుకుంటాం: చొక్కా, మేజోళ్ళు, గాజులు.
• ఒకచోట నిలిపేవి పెట్టుకుంటాం: బొట్టు, కాటుక, కళ్ళజోడు, టోపీ, పూలు.
• ఒంటికి పట్టించేవి రాసుకుంటాం, పూసుకుంటాం: నూనె, క్రీము, గంధం.
• పైన పరుచుకునేవి కప్పుకుంటాం: శాలువా, దుప్పటి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ‘పుట్ ఆన్’ అన్నప్పుడు తనకా, ఇంకొకరికా అన్నది ఆ క్రియలో కనబడదు. తెలుగులో చివరనున్న ‘కో’ ఆ తేడా చెబుతుంది. “నువ్వు బూట్లు తొడుక్కో, తమ్ముడికి తొడుగు.” “నువ్వు నూనె రాసుకో, చెల్లికి రాయి.” ‘కో’ జారిపోతే అర్థమే మారుతుంది. “టోపీ పెట్టు” అంటే ఎక్కడ పెట్టాలి అని అడగాల్సి వస్తుంది!

‘పుట్ ఆన్’కి ఒంటితో సంబంధం లేని అర్థాలూ ఉన్నాయి. లైటు వేస్తాం, పాట పెడతాం, నాటకం వేస్తాం. బరువు పెరిగిన మనిషి ఒళ్ళు చేశాడంటాం. ఫోన్లో “పుట్ డాడ్ ఆన్” అంటే “నాన్నకి ఫోనివ్వు” అని. లేనిది ఉన్నట్టు నటిస్తుంటే “వేషాలు వెయ్యకు” అంటాం. కాబట్టి ‘పుట్ ఆన్’ అంటే ఏమిటని పిల్లలు అడిగితే ఒక్క మాటలో జవాబు చెప్పకండి. “దేన్ని?” అని తిరిగి అడగండి.

తరగతిలో ఇలా చేయించండి. ఒక సంచిలో కండువా, గాజులు, టోపీ, కళ్ళజోడు, ఒక బొమ్మ వేసి తీసుకురండి. ఒకరు చెప్పాలి, ఇంకొకరు చెయ్యాలి. ముందు తమకు తాము, తర్వాత బొమ్మకి. అప్పుడు ‘కో’ ఎక్కడ వస్తుందో, ఎక్కడ రాదో పిల్లలే పట్టేస్తారు. ఇంట్లో అయితే పొద్దున్న తయారయ్యే ఆ పది నిమిషాలూ చాలు.

చివరగా ఒక మనవి. పిల్లలు తప్పుగా అన్నప్పుడు ఆపి దిద్దకండి. “ఓ, చొక్కా వేసుకున్నావా?” అని సరైన మాటతో సంభాషణ కొనసాగించండి. అమ్మమ్మతో మాట్లాడేటప్పుడు పక్కనున్నవాళ్ళు ఒకసారి నవ్వితే, రెండోసారి జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. ఇంట్లో ‘అంగీ’ అంటుంటే తరగతిలో దాన్ని ‘చొక్కా’గా మార్చనక్కర్లేదు. రెండూ తెలుగే.