నొప్పి లేక గుండెను చూచు విద్య

ఆటస్థలమున నాలుగడుగులు పరుగెత్తి, ఆయాసముతో గొంతుకూర్చుండు బాలుని సోమరియని మందలించు ఉపాధ్యాయులు లేకపోలేదు. వాని పెదవులు, గోళ్లు నీలివన్నెకు తిరుగుచున్నచో అది సోమరితనము కాదు. పుట్టుకతో వచ్చిన గుండెలోపము కావచ్చును. అట్లు కూర్చుండుట ప్రకృతి నేర్పిన చికిత్స. కాళ్లలోని రక్తనాళములు నొక్కుకొనగా, ఊపిరితిత్తులకు పోవు రక్తము కొంత పెరుగును.

మా తెలుగు పాఠములలో హృదయము కరుణకు నిలయము. వైద్యునికది నాలుగు గదుల ఇల్లు. ఆ గదుల నడిమి గోడకు రంధ్రమున్నదా, వాకిళ్లు సరిగా మూసికొనుచున్నవా యని తెలియుటకు ఒకనాడు తొడయందలి రక్తనాళమునుండి సన్నని గొట్టమును గుండెదాక పంపవలసి వచ్చెడిది. పసికందునకు అది సామాన్యమైన పరీక్షయా!

1953లో స్వీడన్ దేశపు లుండ్ నగరమున ఎడ్లర్ అను వైద్యుడు, హెర్ట్జ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, లోహములలోని పగుళ్లను కనుగొను శబ్దయంత్రమును గుండెపై ప్రయోగించి చూచిరి. మన చెవికందని ధ్వని గుండెగోడలకు తగిలి తిరిగి వచ్చును. ఆ ప్రతిధ్వనియే తెరపై చిత్రమగును. ఆసుపత్రులలో 'ఎకో' యనునది ఇదియే. సూది లేదు, కోత లేదు. రొమ్ముపై చల్లని జిగురు పూసినంతసేపు బిడ్డ కదలకుండుటయే కష్టము. రక్తము యంత్రమువైపు వచ్చిన ఎరుపుగను, దూరముగా పోయిన నీలముగను కనబడును. (ఎరుపు మంచిరక్తము, నీలము చెడురక్తము అను పాఠ్యపుస్తకపు బొమ్మల అలవాటును ఇక్కడ మరువవలెను.) ఎడమ జఠరిక తనలో నిండిన రక్తమున నూటికి ఎన్ని పాళ్లు వెలికి చిమ్ముచున్నదో కూడ లెక్కకు వచ్చును, సుమారు 55కు మించిన సంతోషమే. కుడి జఠరిక ఆకారము వంకర. దానిని కొలుచుట నేటికిని చిక్కే.

చిత్తూరు సీమ తల్లిదండ్రులు ఇట్టి బిడ్డలతో వేలూరికో మదరాసుకో పోవుట వాడుక. తిరుమల తిరుపతి దేవస్థానమువారు 2021 అక్టోబరులో తిరుపతియందే శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయమును ప్రారంభించిరి. దూరము తగ్గినది. కాని శస్త్రచికిత్స జరిగినది కదా యని మరల ఎకోకు పోని కుటుంబములున్నవి. నీలిబిడ్డల గుండెను సరిచేసిన పిదప, ఏళ్లు గడచిన కొలది ఊపిరితిత్తుల కవాటము కారవచ్చును. కుడి జఠరిక మెల్లగా ఉబ్బును. చాలకాలము బిడ్డకేమియు తెలియదు, తెరపై మాత్రము కనబడును. కనుక ఆ పరీక్ష దినమున హాజరుపట్టీ చూపి బెదరింపక సెలవిచ్చి పంపవలెను. తిరిగి వచ్చినపుడు, ఎంతవరకు పరుగెత్తవచ్చునని వైద్యులు చెప్పిరో తల్లిని అడిగి, వ్యాయామోపాధ్యాయునికి తెలుపవలెను.