కార్మిక నష్టపరిహారం: హైకోర్టు వినే ప్రశ్న

బస్తరు దక్షిణ సీమలో, ఇంద్రావతికి చేరువగా ఉన్న భోపాల్‌పట్నంలో తెలుగు, గోండీ, హిందీ కలగలిసి వినవస్తాయి. అక్కడి కూలీ పనిలో గాయపడి నష్టపరిహారం కోరితే ఉత్తర్వు సాధారణంగా హిందీలో చేతికందుతుంది. దానిపై హైకోర్టుకు అప్పీలు చేయవలెనన్న అందులో ‘విధి కా సారవాన్ ప్రశ్న్’ ఉండాలి. తెలుగువాని చెవికి విధి అనగానే తలవ్రాత స్ఫురిస్తుంది. ఇక్కడ విధి అంటే చట్టం. సారవాన్ అంటే తీర్పు ఫలితాన్ని మార్చగల బరువు కలది.

ఈ నియమం 1923 నాటి చట్టంలో 30వ సెక్షనుగా ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడా దీనిని నిలిపి, కమిషనరు స్థానంలో సక్షమాధికారిని నియమించింది.

ప్రమాదవేళ కార్మికుడు పనిలో ఉన్నాడా, అతని కూలి ఎంత, గాయం ఏపాటిది? ఇవన్నీ వాస్తవాంశాలు. కర్ణాటక నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో హైకోర్టు సాక్ష్యాన్ని తిరిగి తూచి వైకల్య శాతాన్ని తగ్గించగా, 2016లో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసిపుచ్చింది. వాస్తవాల విషయంలో కమిషనరుదే తుదిమాట అన్నది. కనుక కూలి చీటీ, వైద్యుని పత్రం, తోటి పనివాని సాక్ష్యం మొదటి విచారణలోనే దాఖలు కావాలి. అక్కడ జారవిడిచినది పై కోర్టులో దొరకదు. అయితే ఏ సాక్ష్యమూ లేకుండా నిర్ణయం చేసినా, చట్టంలోని మాటను తప్పుగా అన్వయించినా అది న్యాయప్రశ్నే.

ఇందుకు చక్కని ఉదాహరణ బస్తరుకు పొరుగున, ఒడిశాలోని జయపురంలో లభిస్తుంది. 1968లో అక్కడి సినిమాహాళ్ళ యజమాని వద్ద అలంకరణ పని చేస్తున్న వడ్రంగి క్రిందపడగా, ఎడమచేతిని మోచేతి వద్ద తీసివేయవలసి వచ్చింది. చేయి పోయిందన్నది నిర్వివాదం. అది పాక్షిక వైకల్యమా, సంపూర్ణ వైకల్యమా? సొమ్ము చెల్లించే బాధ్యత ఏనాటి నుండి? వివాదం ఈ రెంటిపైననే. ఒంటిచేతితో వడ్రంగం సాగదనీ, కనుక వైకల్యం సంపూర్ణమనీ, గాయపడిన నాటి నుండే యజమాని బాధ్యుడనీ సుప్రీంకోర్టు 1975లో తీర్పు చెప్పింది. శరీరంలో ఎంత భాగం పోయిందని కాక, ఏ పని పోయిందని చూసిన ఈ తీర్పు నేటికీ ఉదాహరించబడుతున్నది.

అప్పీలుకు గడువు అరువది దినాలు. యజమాని అప్పీలు చేసేటట్లయితే ముందుగా సొమ్ము జమకట్టి ధ్రువపత్రం జతపరచాలి; కార్మికునికి ఆ బాదర లేదు.

భోపాల్‌పట్నం వారిలో గోదావరి దాటి తెలంగాణలో కట్టడపు పనులకు పోయేవారు కలరు. అక్కడ గాయపడినవారు ప్రమాదస్థలంలోనే కాక, 1995 సవరణ ఫలితంగా తమ నివాసప్రాంతంలో కూడా దరఖాస్తు చేయవచ్చు. కాని స్వస్థలంలో వేసిన దరఖాస్తుపై అప్పీలు బిలాసపూరులోని ఛత్తీస్‌గఢ్ హైకోర్టుకు పోతుంది. భోపాల్‌పట్నం నుండి ఆ ఊరు 500 కిలోమీటర్లకు పైమాట; హైదరాబాదే దగ్గర.